మగ్గం గుంట మీది దవాఖాన

“సగం చీర మగ్గం మీదుండంగ పడుగు దించుతరా ఎవలన్న? మీ అమ్మ సచ్చిననాడు గూడ దించలే. గిప్పుడెవలు సచ్చిండ్రని దించుతున్నవ్?”

జములమ్మ మగ్గానికి అడ్డంగా నిలబడింది. కొంగు నడుముకు బిగించింది.

దశరథం తలెత్తలేదు. గుంట అంచున కూర్చుని పడుగు ముడులు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. పెండ్లి కాకముందు నుంచీ ఆ వేళ్ళకు ముడులు వెయ్యడమే అలవాటు. విప్పడం చేతకాక తడబడుతున్నాయి.

“ఎవలు సావలేదే. ఒక్క దినం. పొద్దుగూకేటాల్లకు మల్ల ఎక్కిస్త.”

“ఎక్కిస్తవ్. మీ తాత తలపాగ లెక్క.”

ఈ తలపాగ సంగతి సాలెవాడలో ఎరగనివాళ్ళు లేరు. దశరథం తాత ఒక తలపాగ నేశాడట. దాని ఒక కొన కృష్ణకు ఈవలి గట్టున, రెండో కొన ఆవలి గట్టున. వరద వచ్చిన యేడు గొర్లు, గొల్లలు, ఒక పెండ్లి బరాతు, అంతా దాన్ని పట్టుకునే నది దాటారట. పెండ్లికొడుకు నడిమధ్యలో ఆగి, జరీ అంచు బాగుందని బేరం కూడా చేశాడట. దశరథం అబద్ధాలాడే మనిషి కాదు. నిజానికి గంజి పెట్టి సాగదీసే మనిషి, అంతే.

కానీ ఈ పొద్దు ఆయన నోట కథ లేదు. జములమ్మకు భయం వేసింది అందుకే.

పక్క గదిలో కోడలు రేణుకమ్మ మూలిగింది. మొగుడూ పెండ్లామూ ఇద్దరూ అటు చూసి, ఒకరి చూపు ఒకరికి తగలకుండా తిప్పుకున్నారు. రేణుకమ్మకు ఎనిమిదో నెల. కాళ్ళు ఉబ్బి మట్టెలు వేళ్ళకు పట్టేశాయి. నిన్నటి నుంచి మొహం కూడా ఉబ్బింది. కండ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటోంది. మంత్రసాని వెంకటమ్మ వచ్చి చూసి, కూర్చోకుండానే వెనక్కి తిరిగింది. “గిది నా చేతి పని గాదు జములక్కా. గద్వాల టేసన్ల రైలెక్కించి కర్నూలు తీస్కపోండ్రి. ఆడ దాక్టరమ్మ ఉన్నది. ఆలస్యం చేస్తే తల్లీ దక్కదు, పిల్లా దక్కదు” అనేసింది.

అప్పటినుంచీ ఆ ఇంట్లో అందరి చెవులూ బండి చప్పుడు మీదే ఉన్నాయి.

కొడుకు సీతారాములు వాకిట్లోకి వచ్చాడు. చేతిలో ముల్లుగర్ర ఉంది. ఎడ్లు లేవు.

“బండేదిరా?”

“లేదమ్మా. గిర్దావరు మనుషులు ఎడ్లతోని సహా పట్టకపోయిండ్రు. పట్నం సంది తనికీకొస్తున్న దొర డేరాలు మొయ్యనీకంట.”

“ఇంకొకల బండి?”

“ఉన్న బండ్లన్ని గాయే పనిల ఉన్నయ్. పొద్దుగూకినంక ఇడుస్తం అన్నరు.”

జములమ్మ మొగుని వైపు తిరిగింది. “ఇన్నవా? కోడలు ఆడ కొట్టుకుంటుంటే బండి డేరాల కింద ఉన్నది. మగ్గం గుంటల ఉన్నది. నువ్వేడ ఉన్నవ్?”

దశరథం ఆఖరి ముడి విప్పాడు. ఎర్ర అంచూ, తెల్లని ఒళ్ళూ ఉన్న సగం చీర చాప చుట్టినట్టు చుట్టుకుపోయింది.

*

శిస్తు లెక్కలు చూసే గిర్దావరు గొడుగు వాకిట్లోకి ముందు వచ్చింది, మనిషి తరవాత వచ్చాడు. ఎర్రని రూమీ టోపీ కింద చెమట కారుతోంది.

“ఏం దశరథం, ఇంకా గాలేదా? దొర మోటారు గట్టు దాటిందంట!”

“అయింది సాబ్. పలకలు తెచ్చుకోమని పోరగాండ్లకు చెప్పినం.”

“శాబాష్. ముందటి తలుపుకెల్లి మదర్సా, పోరగాండ్ల బడి. దొర పటేలు ఇంట్ల బువ్వ తినొచ్చేలోపల వెనక తలుపుకెల్లి దవాఖాన. ముందట సాలెవాడ, వెనక గొల్లగేరి. రెండు గేరీలు, రెండు మకాన్లు. దొరకేమెరుక ఒక్కటే ఇల్లని?”

జములమ్మకు నవ్వు రాలేదు గానీ, నవ్వే వచ్చేది, ఇంకెవరి ఇల్లయినా అయితే.

కథ పాతదే. రెండేండ్ల కింద ఇంకో దొర వచ్చాడు. బాజా పెట్టి, వీధి మొదట రాయి పాతి, ఈ యేడే మదర్సా కట్టిస్తాం, దవాఖాన కట్టిస్తాం అన్నాడు. సాలెవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగ్గానికింత అని దవాఖాన పట్టీ వసూలు ఆ నెల నుంచే మొదలైంది, ఏ కిస్తీ తప్పలేదు. దవాఖాన మాత్రం ఆ రాయి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు ఆ రాయికి పడుగు కొన కట్టి వీధిలో గంజి పెట్టుకుంటున్నారు. సర్కారు తమకు చేసిన ఉపకారం అదొక్కటేననీ, రాయి గట్టిదేననీ జములమ్మ ఒప్పుకుంటుంది.

“సాబ్, ఒక్క మాట అడుగుత” అంది జములమ్మ. “లేనిది లేదని చెప్తె ఏంది? కట్టలేదు, కట్టుండ్రి అంటే దొర కొడుతడా?”

గిర్దావరు గొడుగు ముడిచాడు. గొంతు తగ్గించాడు.

“అమ్మా, రెండూ నడుస్తున్నయని పోయినేడే పైకి రాసిన. రాయమన్నరు, రాసిన. తెల్లోళ్ళ లడాయి నడుస్తుంది గదా, పైసలన్ని ఆడికే పాయె. గిప్పుడు గీ దొర కండ్లతోని చూస్తనంటుండు. లేదని తేలితే నా నౌకరీ పోతది. ఉన్నదని ఖుషీ అయిండనుకో, వచ్చే నెలల నిజం కంపౌండరును తోల్క వస్త. నా బిడ్డ మీద ఒట్టు.”

“పోయిన దొర గూడ ఒట్టే పెట్టిండు సాబ్. ఎవలి మీదనో యాదికి లేదు.”

“జములా!” అన్నాడు దశరథం.

“ఇగో, మీ కోడలు మంచంల ఉన్నది గదా” అన్నాడు గిర్దావరు. “అమ్మను దవాఖానల పండబెట్టుండ్రి. బీమార్ మనిషి లేని దవాఖాన ఏం దవాఖాన? దొర పోంగనే మీ బండి మీకు. నా గుర్రం గూడ ఇస్త.”

సీతారాములు పండ్లు కొరికాడు. దశరథం వాడి భుజం మీద చెయ్యి వేశాడు. “ఒక్క పూట కొడుకా. గీ వాడల అన్ని ఇండ్లల్ల ఆడోళ్ళున్నరు. నిజం దవాఖాన వస్తే అందరికీ అయితది.”

జములమ్మ మొగుని మొహం చూసింది. ఆయన నిజంగానే నమ్మాడు. కథలు చెప్పేవాడికి కథ చెప్పడం ఇంత సుళువని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

*

మదర్సా బాగానే నడిచింది. దశరథం పెండ్లినాటి కోటు తొడుక్కుని పంతులయ్యాడు. పిల్లలు చాపల మీద కూర్చుని, పలకల మీద సున్నాలు చుట్టారు. వాళ్ళకు వచ్చిన అక్షరం అదొక్కటే.

దొర పొడుగాటి మనిషి. తెల్లని షేర్వానీ, బంగారు చేతి గడియారం. పట్నం ఉర్దూ తప్ప మరో మాట రాదు. ఆయన అన్నది గిర్దావరు తెలుగులో చెప్పాలి, వీళ్ళు అన్నది ఉర్దూలో చెప్పాలి. నడుమ ఏం మారుతుందో గిర్దావరుకే ఎరుక.

గది మధ్య మగ్గం గుంట దొర కంట పడింది. వంగి చూశాడు. ఏదో అడిగాడు.

“దొరవారు గుంట ఏందని అడుగుతుండ్రు” అన్నాడు గిర్దావరు. టోపీ కింద చెమట ముక్కు మీదికి దిగింది.

జములమ్మ వంటింటి తలుపు చాటు నుంచి చూస్తోంది.

దశరథం గొంతు సవరించుకున్నాడు. “గిది కృష్ణానది దొరా. భూగోళం చెప్పనీకి తవ్వినం. ఈ గట్టు మీద మన గద్వాల, ఆ గట్టు మీద పట్నం పోయే తొవ్వ. పోరగాండ్లను లోపలికి దింపి నది లోతు చూపెడుత.”

గిర్దావరు చెప్పాడు. దొర పకపక నవ్వాడు. “కృష్ణా!” అని గుంట వైపు వేలు చూపించి, పిల్లల బుగ్గలు గిల్లి, పటేలు ఇంటికి బువ్వకు వెళ్ళిపోయాడు.

దశరథం కండ్లు మెరిశాయి. “సూసినవా జములా? తలపాగ కంటె మంచిగ నడిచింది.”

జములమ్మ వంటింట్లోంచి వచ్చింది. పలకలు, చాపలు ఎత్తి గుంటలో పడేసి, మీద చెక్క వేసి, చెక్క మీద తుంగచాప పరిచింది.

*

గది నడుమ రెండు చీరలు కట్టి అడ్డం తెర చేశారు. సున్నం పూసిన పెట్టె మీద షావుకారు ఇచ్చిన ఖాళీ సీసాలు వరసగా పెట్టారు. వాటిలో పొయ్యడానికి మందు లేదు.

“నీళ్ళే పొయ్యి” అన్నాడు సీతారాములు.

“వట్టి నీళ్ళు మందంటే ఎవలు నమ్ముతరు?” అన్నాడు దశరథం. అటక మీది నుంచి రంగు పొట్లాలు దించాడు. ఒక సీసాలో పసుపు, ఒక దాంట్లో నీలి, పెద్ద సీసాలో ఎర్ర రంగు. లడాయి మొదలైనప్పటినుంచీ బజారులో రంగు దొరకడం లేదు. ఆ ఎరుపు వాళ్ళ దగ్గర మిగిలిన ఆఖరి పొట్లం. మగ్గం మీది చీర కొంగుకు దాచింది.

సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. మంచి దవాఖాన ఎరుపే.

రేణుకమ్మను నలుగురు పట్టి తెచ్చి మంచం మీద పండబెట్టారు. ఆమె కండ్లు తెరిచి సీసాలు చూసింది.

“అత్తా.”

“ఏం బిడ్డా?”

“మామతోని చెప్పు. గా తలపాగ ఉన్నదేమో సూడుమను. తుంగభద్ర దాటి కర్నూలు పోత.”

నవ్వబోయింది. నవ్వు సగంలోనే తల పట్టుకుంది. మామతో నేరుగా మాట్లాడే పిల్ల కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆయన కథలన్నీ తలుపు చాటునుంచే వింది.

దశరథం వీపు తిప్పుకుని నిలబడ్డాడు. ఎర్ర సీసాను పెట్టె మీద వరస చివర పెట్టాడు.

“జర ఓర్సుకో బిడ్డా” అని అత్త అనలేకపోయింది. పొద్దుటి నుంచి అందరూ అంటున్నారు ఆ మాట.

గొల్లగేరి వైపు మోటారు చప్పుడైంది.

“నాయినా, నువ్వు తెర ఎనకకు పో” అన్నాడు సీతారాములు. “నువ్వు పంతులువి. దొర గుర్తు పడుతడు.”

దశరథం తెర వెనక్కి పోయాడు.

*

జవాన్లను మోటారు దగ్గరే నిలిపి, దొర వెనక తలుపు నుంచి వంగి లోపలికి వచ్చాడు. సీతారాములు షావుకారు కొడుకు అంగీ తొడుక్కుని కంపౌండరుగా చేతులు కట్టుకున్నాడు. జములమ్మ మంచం తలాపున నిలబడింది.

దొర సీసాలు చూశాడు. మంచం చూశాడు. రేణుకమ్మ ఉబ్బిన మొహం చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆ పిల్ల వేషం వెయ్యలేదు. ఆ గదిలో నిజమైనది ఆమె ఒంటి జబ్బొక్కటే.

తరవాత ఆయన సంతోషంగా చాలా మాట్లాడాడు. గిర్దావరు మొహం వెలిగింది. తరవాత వెలుగు తగ్గింది.

“ఏమంటుండు?” అన్నాడు సీతారాములు.

“దొరవారు చాలా ఖుషీ. మదర్సా బాగున్నది, దవాఖాన బాగున్నది అంటుండ్రు.”

“ఇంకా ఏమో అన్నడు గదా.”

గిర్దావరు గొడుగు పిడి గట్టిగా పట్టుకున్నాడు. “రెండూ గింత మంచిగ నడుస్తున్నయ్ గనక… ఈ ఊరికని పెట్టిన కొత్త పైసలు అవసరం లేదంట. వేరే దగ్గరికి తిప్పుమంటుండ్రు.”

“అంటే?”

“అంటే… గింతే.”

తెర కొంచెం కదిలింది. జములమ్మ అటు చూడలేదు. చూస్తే అరుస్తానని ఆమెకు తెలుసు.

దొర గడియారం చూసుకున్నాడు. పోబోతూ మంచం దగ్గర ఆగి, ఎర్ర సీసా వైపు వేలు చూపించి, దయగా ఏదో చెప్పాడు.

“బీమార్ అమ్మకు మందు తన ముందట ఇయ్యుమంటుండ్రు” అన్నాడు గిర్దావరు. “ఇయ్యి కంపౌండర్. జర్రంత.”

సీతారాములు సీసా ఎత్తాడు. గిన్నెలో పోశాడు. సగం పెట్టె మీద పడింది. గిన్నె పట్టుకున్నాడు గానీ, మంచం వైపు కాలు పడలేదు.

“ఇయ్యరాదు, ఏం జూస్తున్నవ్?” గిర్దావరు పండ్ల సందున అన్నాడు. “నీళ్ళే గదా. సావరు.”

“ఇటియ్యి” అంది రేణుకమ్మ. చెయ్యి చాచింది. “తాగుత. లేకుంటె మామను పట్టకపోతరు.”

ఆ చెయ్యి గిన్నెను అందుకునే లోపల జములమ్మ లాక్కుంది.

“దొరా! ఇది దవాఖాన గాదు. నా ఇల్లు. మీరు రాయి పాతిండ్రు, పైసలు గుంజిండ్రు, ఇటుక బెడ్డ గూడ పెట్టలే. మదర్సా అన్నరు, మా పోరగాండ్లకు సున్న సుట్టుడు తప్ప ఏం రాదు. దవాఖాన అన్నరు, మా కోడలు మీ డేరాల బండి కోసం ఎదురుసూసుకుంట సస్తున్నది. ఏడున్నదయ్యా మీరిస్తమన్నది? ఏడున్నది?”

దొర గిర్దావరు వైపు చూశాడు.

గిర్దావరు చేతులు జోడించి, ఉర్దూలో నాలుగు తియ్యని ముక్కలు చెప్పాడు. దొర తల ఊపాడు. జములమ్మ వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు.

ఆ నవ్వు చూడగానే జములమ్మకు అర్థమైంది. తను తిట్టింది. గిర్దావరు దాన్ని ఉర్దూలో దండం చేశాడు.

ఇక నోటితో పనిలేదని తెలిసింది ఆమెకు.

గూట్లో చుట్టిపెట్టిన తెల్ల నూలు చిలప అందుకుంది. దొర కండ్ల ముందే గిన్నెలో ముంచింది. బొటనవేలితో అదిమింది. అలవాటైన పనే. మెల్లగా పైకి తీసింది.

చిలప ఎర్రగా వచ్చింది. అంచు నుంచి చుక్కలు కారి తుంగచాప మీద పడ్డాయి. ఒకటి దొర బూటు మీద పడింది.

దొర నవ్వు ఆగిపోయింది. చిలప చూశాడు. గిన్నె చూశాడు. గిన్నె కోసం చెయ్యి చాచిన రేణుకమ్మ ఉబ్బిన మొహం చూశాడు. గిర్దావరు మళ్ళీ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

తెర పక్కకు జరిగింది. పెండ్లినాటి కోటు ఇంకా విప్పని దశరథం బయటికి వచ్చాడు.

దొర కనుబొమలు ముడిపడ్డాయి. పొద్దున భూగోళం చెప్పిన పంతులు ఇక్కడేం చేస్తున్నాడు?

“చెప్పు దశరథం” అన్నాడు గిర్దావరు తెలుగులో. గొంతులో బెదిరింపు ఉంది, బతిమాలడమూ ఉంది. “మందు చూడనీకి వచ్చిన్నని చెప్పు. ఏదన్న చెప్పు. నీకు కథలకేం కరువు?”

జములమ్మ మొగుని వైపు చూసింది. ఒక్క కథ చెబితే ఈ పూట గడుస్తుంది. ఆయన చెప్పగలడు. ఆయన చెబితే దొర మళ్ళీ నవ్వుతాడు, మోటారెక్కి పోతాడు, గిర్దావరు నౌకరీ ఉంటుంది, దశరథం ఇంట్లోనే ఉంటాడు. దవాఖాన మటుకు ఇక ఎప్పటికీ రాదు.

దశరథం గది మధ్యకు నడిచాడు.

వంగి తుంగచాప కొన పట్టుకుని లాగేశాడు. చెక్క ఎత్తి గోడకు చేరవేశాడు.

గుంటలో చాపలు, పలకలు. పైన ఉన్న పలక మీద పొద్దుటి సున్న ఇంకా చెరగలేదు.

దొర అంచు దాకా నడిచి లోపలికి చూశాడు.

“కృష్ణా” అన్నాడు నెమ్మదిగా.

ఎవరూ నవ్వలేదు.

దొర గిర్దావరును దగ్గరికి పిలిచి, చెవి దగ్గర తల వంచి, చాలా మెల్లగా ఏదో చెప్పాడు. గిర్దావరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయనకు బట్టతల ఉందని ఆ ఊరికి ఆ పొద్దే తెలిసింది.

“అత్తా…” రేణుకమ్మ జములమ్మ మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. కండ్లు పైకి తేలుతున్నాయి. “అత్తా, ఏం కానొస్తలేదు.”

“ఏమన్నడు?” జములమ్మ గిర్దావరు మీద అరిచింది. “మమ్ముల పట్టుకపొమ్మన్నడా? బండి ఇయ్యుమన్నడా? పొద్దుటి సంది అన్నిటికి అర్థం చెప్పినవ్ గదా, గిప్పుడు చెప్పు! ఏమన్నడు?”

గిర్దావరు ఆమె మొహం చూశాడు, దశరథం మొహం చూశాడు. పొద్దుటి నుంచి అన్నిటికీ తనకు తోచినట్టు తర్జుమా చేసిన నోరు అప్పుడు మూతపడింది.

దొర అప్పటికే తలుపు దాటి పోయాడు. గొల్లగేరిలో మోటారు ఇంజను చప్పుడు మొదలైంది. దాని వెంటనే, ఇంటి వైపే వస్తున్న జవాన్ల బూట్ల చప్పుడు. బండి చప్పుడు మాత్రం లేదు.